అలికిన కళ్ళంలో ఆఖరి గుంట

మొన్న ఒక పెళ్ళి భోజనాల్లో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, లెక్చరరుగా చేసి రిటైరయ్యారట, గుత్తివంకాయ తుంపుకుంటూ ఒక మాటన్నారు. "గోల్ఫాండీ? మన గోదావరి వైపు ఆ ఆట ఏనాడూ లేదండి. వరిచేలూ చేపల చెరువులూ తప్ప మనకి ఖాళీ నేల ఎక్కడుందండీ?"

నాకు పులిహోర గొంతుకడ్డం పడింది. మంచినీళ్ళు తాగి, నలుగురికీ వినపడేలా చెప్పాను. "ఏవండీ, మీరు ఎవరితో మాట్లాడుతున్నాననుకుంటున్నారు? యాభైల్లో ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా గోల్ఫులో నన్ను ఓడించగల మనుషులు ఇద్దరు లేరు!" ఆయన నా వంక ఒకసారి చూసి, పెరుగు వడ్డించే అతన్ని పిలిచారు.

ఆ అవమానం దిగమింగలేక ఇది రాస్తున్నాను. ఇద్దరు లేరన్నది అక్షరాలా నిజం. ఒక్కరే ఉండేవారు. ఆయన ప్రతి ఆదివారం నన్ను ఓడించేవారు. ఆ ఆట ఆడింది మొత్తం మేమిద్దరమే.

ఆయన మా ఇంజనీరుగారు. నేను ఏలూరులో ఆయన ఆఫీసులో ట్రేసరుని. కాలవల పటాల మీద పల్చటి గుడ్డ పరిచి, నల్లసిరాతో గీతలూ అక్షరాలూ ఎత్తి రాయడం నా పని. నా చేతిరాత చూసి మద్రాసు నుంచి పెద్ద అధికారులు రైలెక్కి వచ్చేవారు. సరే, రాలేదు. కాని గదుల తలుపుల మీద పేర్లు రాయాలన్నా, బావి దగ్గర "ఇచ్చట స్నానము చేయరాదు" అని రాయాలన్నా నన్నే పిలిచేవారు.

ఇంజనీరుగారు నీలగిరుల్లో ఉద్యోగం చేస్తుండగా ఈ ఆట మరిగారు. మా జిల్లాకి వచ్చాక రెండు నెలలు ఉక్కపోతకీ బురదకీ తల పట్టుకున్నారు. కార్తీకం వెళ్ళి నేల గట్టిపడేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. తాడేపల్లిగూడెంలో యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన మైదానం ఒకటి ఖాళీగా పడి ఉండేది. విమానాలు వెళ్ళిపోయాయి, గేదెలు మిగిలాయి. ఆ మైదానానికి పటం గీయమని నన్ను తీసుకెళ్ళారు. పాలపొడి డబ్బాలు నేలలో పాతి ఆరు గుంటలు చేశాం. తోటి ఆఫీసర్లెవరూ ఎండిన గడ్డిలో బంతి వెంట నడవడానికి రాలేదు. వాళ్ళకి పేకముక్కలున్నాయి. అందుకని ఒక ఇనపతల కర్ర నా చేతిలో పెట్టి, "మీరు ఆడండి," అన్నారు. నా భుజబలం చూసి ఎంచుకున్నారని ఊరంతా చెప్పాను. ఆదివారం నేను ఖాళీగా ఉంటానని ఆయనకి తెలుసు, అంతే.

అప్పట్నుంచి మార్గశిరం, పుష్యం, మాఘం, మూడు నెలలూ ప్రతి ఆదివారం పొద్దుటి పాసింజరు. కర్రల సంచి నా భుజాన ఉండేది. భీమడోలులో ఎక్కిన ఒకాయన ఆ సంచి వంక చాలాసేపు చూసి అడిగాడు.

"ఏవండీ, అవి ఏం కర్రలండీ?"

"బంతి కొట్టే కర్రలండి."

"బంతులు ఎన్నండీ?"

"ఒక్కటే."

"ఒక్క బంతికి ఏడు కర్రలెందుకండీ?"

"దూరాన్ని బట్టి కర్ర మారుతుందండి."

"మా బిళ్ళంగోడుకి ఒక్క కర్రతోనే ఎంత దూరమన్నా కొడతామండి. చేతిలో వాటం లేకపోతే కర్రలు పెరుగుతాయి కాబోలు!"

పెట్టెంతా నవ్వింది. ఇంజనీరుగారు కూడా నవ్వారు. అది నాకు ఇప్పటికీ నచ్చలేదు.

ఆరు గుంటలయ్యాయి గాని, అసలైన గుంట ఒకటి ఉండాలని ఇంజనీరుగారి పట్టు. ఈ ఆటలో గుంట చుట్టూ నేల నున్నగా, పళ్ళెంలా ఉండాలి. బంతిని అక్కడ కొట్టరు, నెమ్మదిగా దొర్లిస్తారు. గడ్డి కత్తిరిస్తే ఎండిపోయింది, ఇసక పోస్తే గేదెలు పడుకున్నాయి. ఒకరోజు బంతి దారి తప్పి మైదానం చివర పల్లంలోకి, ఒక రైతు కళ్ళంలోకి దొర్లింది. వెళ్ళి చూస్తే, పేడతో అలికి, తొక్కి, మళ్ళీ అలికిన నేల. అద్దం అనను గాని, అలాంటిదే. నడుమ పశువుల్ని తిప్పడానికి కొయ్య పాతే గుంట. నూర్పులు ఇంకా మొదలు కాలేదు కాబట్టి కొయ్య లేదు, గుంట సిద్ధంగా ఉంది.

ఆయన మేకుల బూట్లతో అడుగు ముందుకేశారు.

"ఆగండాగండి!" అంటూ కుప్ప వెనక నుంచి రైతు పరుగెత్తుకొచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, బక్కగా ఉన్నాడు. "దొరగారండీ, కళ్ళంలోకి చెప్పులతో రాకూడదండి. లచ్చిందేవి కూర్చునే చోటండి."

"ఇవి చెప్పులు కావు, బూట్లు," అన్నాను నేను, తెలివిగా.

"బూట్లకి మేకులు కూడా ఉన్నాయండి," అన్నాడతను.

ఇంజనీరుగారు గట్టు మీద కూర్చుని బూట్లు విప్పారు, మేజోళ్ళు విప్పారు, తెల్లటి పాదాలతో ఆ చల్లటి నేల మీదికి దిగారు. రైతు ఆ పాదాల వంక చూసి మెత్తబడ్డాడు. "ఆయ్, అలాగైతే ఆడుకోండి. నూర్పు రోజుల్లో మాత్రం రాకండి," అన్నాడు. అది ఏడో గుంట. ధాన్యం కొలిచేటప్పుడు ఏడు అనరు కాబట్టి అతను "ఆరున్నొకటో గుంట" అనేవాడు, మేమూ అలాగే అనడం మొదలెట్టాం.

నా అసలు మంట ఇప్పుడు చెప్పాలి. ఆ మొదటి శీతాకాలం అయ్యాక ఇంజనీరుగారు టేకు పలకతో ఒక బోర్డు చేయించి ఆఫీసు వరండాలో పెట్టించారు. సంవత్సరం, ఎదురుగా ఆ శీతాకాలపు ఆఖరి ఆటలో గెలిచినవారి పేరు. ఇంగ్లీషులో, తెల్ల రంగుతో. రాసేదెవరు? నేను. మొదటి ఏడు ఆయన పేరు రాశాను. రెండో ఏడు కూడా ఆయన పేరే రాశాను. ఓడినవాడి చేత గెలిచినవాడి పేరు రాయించడం ఏ దేశపు న్యాయమండీ? ఉరి తీసేవాళ్ళు కూడా తాడు మనచేత పేనించరు. ఆ వరండాలో వచ్చేపోయేవాళ్ళంతా, "ఆహా, ఏం రాశావోయ్!" అనేవారు. ఏం ఆడావోయ్ అన్నవాడు ఒక్కడు లేడు.

మూడో ఏడు ఆ బోర్డు మీద నా పేరుండాలి. మరో దారి లేదు. ఎందుకంటే, ఉండి అనే ఊళ్ళో ఉన్న మా మావగారికి, నా పేరు అప్పటికే ఉందని ఉత్తరం రాసేశాను. ఆయన పెద్ద రైతు. అల్లుడు గవర్నమెంటు ఆఫీసులో గీతలు గీస్తాడంటే ఆయనకి ఆనేది కాదు. అందుకని ఇంజనీరునే ఆటలో ఓడించాననీ, వరండాలో నా పేరొక్కటే వేశారనీ రాశాను. ఆయన జవాబు రాయించారు. మాఘంలో ఏలూరు వస్తున్నారట. బోర్డు చూస్తారట.

ఇక సాధన చూడండి. మా ఆవిడ చేత పెరడంతా పేడతో అలికించి, కొయ్యగుంట కొలతకి గుంట తవ్వి, పొద్దున్నే చలిలో వట్టి కాళ్ళతో బంతి దొర్లించేవాణ్ణి. రోజుకి వెయ్యిసార్లు. యాభై అనుకోండి. మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చేది.

"ఏవండీ, పొద్దున్నే అలికానండీ, ఇంకా ఆరలేదు. మీ అడుగులన్నీ ఎలా పడ్డాయో చూడండి. పొయ్యి దగ్గర్నించి చూసినా మీరు ఎక్కడ నిలబడ్డారో, ఎక్కడ తిరిగారో చెప్పేయొచ్చు."

"ఆట మధ్యలో అడ్డు రాకు."

"ఆటకేం గాని, తడి అలుకు మీద దొంగ కూడా నడవడండీ."

ఆ మాట నేను విన్నాను. వినలేదని ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాను.

పుష్యంలో నేల మట్టాలు కొలిచేవాళ్ళతో పాటు నన్ను కొల్లేరు పంపారు. అక్కడా వదల్లేదు. ఇంజనీరుగారి బంతులు నీళ్ళలో పోగొడతానని భయం వేసి, జేబునిండా పొన్నకాయలు పోసుకెళ్ళాను. నీళ్ళు తీసిన లంక ఒడ్డున నిలబడి కొట్టేవాణ్ణి. నా దెబ్బకి ఒక గూడబాతు గాల్లోనే తిరగబడిందని ఆఫీసులో చెప్పాను. నిజానికి నీళ్ళలో వేల పక్షులుంటే ఒక్కటి కూడా తల తిప్పలేదు. దోనెలో చేపలు పట్టే మావులు వేసుకుంటున్న వడ్డీల జాలరి ఒకడు తెడ్డు ఆపి చూశాడు.

"బాబుగారూ, ఆ కాయలు నీళ్ళలోకెందుకు కొడుతున్నారండీ?"

"సాధన చేస్తున్నానయ్యా."

"నీళ్ళలో పడ్డానికి సాధనెందుకండీ? మా కొల్లేట్లో ఎటు కొట్టినా నీళ్ళే కదండీ!"

మాఘం వచ్చింది. ఇంజనీరుగారికి బదిలీ ఉత్తరువు కూడా వచ్చింది. అదే ఆఖరి ఆదివారం, ఆఖరి ఆట, ఆయనతో నాకు ఇంకో అవకాశం లేదు. మావగారు గురువారం వస్తున్నారు.

ఆ రోజు నేను మహాద్భుతంగా ఆడాను. ఆరు గుంటలయ్యేసరికి ఇద్దరం సమానంగా ఉన్నాం. ఇంజనీరుగారికి రెండు రోజుల నుంచి నడుం పట్టేసిందన్న సంగతి ఇక్కడ రాయకూడదనుకున్నాను. రాసేశాను.

కళ్ళం దగ్గరికి వచ్చేసరికి రైతు భార్య గట్టు మీద నిలబడి చేతులు కడుక్కుంటోంది. మోచేతుల దాకా పేడ. కళ్ళమంతా పచ్చిగా మెరుస్తోంది.

"ఇవాళ వద్దండీ, ఇప్పుడే అలికాను. రేపు నూర్పండి," అంది.

ఇంజనీరుగారు ఆ నేల వంక చూసి, "పాపం, ఎంత కష్టపడిందో. ఇక్కడితో ఆపేద్దాం. సమానం. బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయండి," అన్నారు.

ఇద్దరి పేర్లూ! మావగారికి నా పేరొక్కటే అని రాశానే! బోర్డు మీద ఏడాదికొక్క పేరే ఉండాలనీ, ఆట పూర్తి చేయకపోవడం ఆటకే అవమానమనీ ఉపన్యాసమిచ్చాను. తరవాత ఆ ఇల్లాలి వైపు తిరిగి చేతులు జోడించాను.

"అమ్మా, పువ్వులా నడుస్తానమ్మా."

"పువ్వులా ఎందుకండీ, మనిషిలా నడవండి చాలు," అంది. "ఒకరి తరవాత ఒకరు వెళ్ళండి. మీ వెనకాలే నేను చెయ్యేసి సద్దుకుంటాను."

ముందు ఇంజనీరుగారు. ఆ గుంటకి మొత్తం ఆరు దెబ్బలు తీసుకున్నారు. ఆమె వెనకాలే వెళ్ళి ఆయన అడుగులన్నీ తడిచేత్తో చెరిపేసింది. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ బోదె దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి కూర్చున్నారు. రైతు కుప్ప మీద ఉన్నాడు. ఆమె పేడబుట్ట కోసం అటు వెళ్ళింది.

నాకప్పటికి నాలుగు దెబ్బలయ్యాయి. అయిదోదానికి గుంటలో పడితే గెలుపు నాదే. దూరం ఆరడుగులుంటుంది. మా పెరట్లో ఆ దూరం నుంచి కళ్ళు మూసుకుని వేసేవాణ్ణి. వేశాను. నేను సాధన చేసింది ఆరిన అలుకు మీద, ఇది పచ్చిది. బంతి నెమ్మదించింది, నెమ్మదించింది, గుంట అంచున వేలెడు దూరంలో ఆగిపోయింది.

ఇంకొక్క తాకు తాకిస్తే ఆరు. సమానం. ఇద్దరి పేర్లు. అంత మర్యాద నాకు దక్కేది.

"పడింది!" అని అరిచాను. "అయిదు!"

పడింది మరి. అబద్ధమెక్కడుంది? ఇంజనీరుగారు వెనక్కి తిరిగి, తడికాళ్ళతోనే లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "శభాష్," అన్నారు. ఆయన మొహంలో సంతోషమే ఉంది. ఆయనకి ఓడిపోవడం కూడా చేతనవును. కొందరికి అన్నీ చేతనవుతాయి.

ఇదుగో, ఇక్కడ జరిగింది నాకు అన్యాయం. ఆ ఇల్లాలు పేడబుట్టతో వచ్చి, నా అడుగులు సద్దుకుంటూ, గుంట దగ్గరికెళ్ళి ఆగింది. ఆమెకి గోల్ఫు తెలీదు. ఎవరు గెలిచారో అక్కర్లేదు. ఆమెకి తన కళ్ళం కావాలి.

"ఏవండీ బాబుగారూ, మనిషిలా నడవమన్నాను కదండీ. అడుగులన్నీ బాగానే ఉన్నాయి. ఈ గుంట దగ్గర ఇదేంటండీ? మడమ లేదు, పాదం లేదు, ఒక్క బొటనవేలే ఉంది. ఇంత లోతుగా గీరారు! బంతి ఇక్కడిదాకా గీతలా వచ్చింది, ఇక్కడ కుదురుగా కూర్చుంది, ఇదుగో చిన్న సొట్ట. తరవాత మీ వేలు. వేలితో ఏం చేశారండీ నా అలుకుని?"

ఇంజనీరుగారు వంగి చూశారు. జీవితమంతా నేల వాలు చూసి నీళ్ళు ఎటు వెళ్ళాయో చెప్పే మనిషి. వేలెడు గీత చదవడం ఆయనకెంత పని?

నేను ఎదురుచూశాను. కోప్పడతారు, నేనూ కోప్పడతాను, జారిందంటాను, దోమ కుట్టిందంటాను. సమాధానాలన్నీ తయారుగా ఉన్నాయి. ఆయన నిటారుగా లేచి, నడుం పట్టుకుని, బూట్లు తొడుక్కున్నారు.

"బోర్డు మీరే రాస్తారు కదా," అన్నారు. "ఏది జరిగిందో అది రాయండి."

అంతే. తిరుగు రైల్లో తన ఫ్లాస్కులో టీ మూతలో పోసి ముందు నాకిచ్చారు. అది నేను క్షమించలేను. తిట్టి ఉంటే ఆ తిట్టు పట్టుకుని ఇన్నేళ్ళూ ఆయన్ని ఆడిపోసుకునేవాణ్ణి. నా చేతిలో కుంచె పెట్టి వెళ్ళిపోయారు. మంగళవారం ఊరు మారిపోయారు.

బుధవారం బోర్డు ముందు నిలబడ్డాను. పెన్సిలుతో నా పేరులో మొదటి అక్షరం వేశాను, చెరిపాను. మళ్ళీ వేశాను. ఆఫీసులో ఎవరికీ తెలీదు, ఆయన తిరిగి రారు, ఆ ఇల్లాలు ఏలూరు రాదు. వేలితో తోశాక సమానం కూడా పోయింది. చివరికి ఆయన పేరే రాశాను. మంచితనంతో అనుకునేరు! ఒళ్ళు మంటతో రాశాను. నా జన్మలో అంత చెత్తగా రాయలేదు. ఒక అక్షరం పైకి, ఒకటి కిందికి, రంగు కారి తోక దిగింది. సూపరింటెండెంటుగారు చూసి, "ఎవరిదయ్యా ఈ రాత?" అంటే, "తెలీదండి," అన్నాను.

గురువారం మావగారు వచ్చారు. తలపాగా, ఉత్తరీయం. వరండా మెట్ల దగ్గరే కిర్రుచెప్పులు విడిచారు.

"ఆఫీసేనండి, చెప్పులతో రావచ్చండి," అన్నాను.

"అల్లుడుగారి పేరున్న చోటు కదండీ," అని వట్టి కాళ్ళతో ఎక్కారు.

ఆయనకి ఇంగ్లీషు రాదు. బోర్డు మీద మూడు వరసలు. ఏ వరస మీద వేలు పెట్టినా నాదే అవుతుంది. వేలు ఎత్తాను కూడా. ఆయన పాదాలకి వాళ్ళ ఊరి చేలమట్టి ఇంకా ఉంది. నా చూపు అక్కడే పడింది, పైకి రావడం లేదు.

"నా పేరు లేదండి, మావగారూ."

"ఉందని రాశారు?"

"రాశానండి."

ఆయన బోర్డు దగ్గరగా వెళ్ళి చూశారు.

"ఈ అక్షరాలెవరివండీ?"

"నావేనండి."

"మూడూ మీరే రాశారా?"

"నేనేనండి."

"పై రెండు వరసలూ తాడు పట్టి నాటినట్టున్నాయి. ఇదేంటండీ, ఈ ఆఖరిది తాగినవాడు నాటినట్టుంది? మా చేలో ఇలా నాటితే పీకించి మళ్ళీ నాటిస్తామండి."

చెప్పులు తొడుక్కుని, కూతుర్ని చూడ్డానికి ఇంటికి వెళ్ళారు. భోజనాల దగ్గర నా విస్తట్లో మామూలుగానే నెయ్యి వెయ్యమన్నారు. నా అబద్ధం గురించి ఆయన మా ఆవిడకి ఆ రోజూ చెప్పలేదు, తరవాతా చెప్పలేదు. చెప్పిన సంగతి ఒక్కటే: అల్లుడుగారి చేతిరాత దివ్యంగా ఉందట, ఒక్క వరస తప్ప.

మధ్యాహ్నం ఆఫీసుకెళ్ళి, గుడ్డ కిరసనాయిల్లో ముంచి ఆ ఆఖరి వరస తుడిచేశాను. స్కేలు పెట్టి, గీత గీసి, ఇంజనీరుగారి పేరు మళ్ళీ రాశాను. ఆ మూడింట్లో అదే బాగా వచ్చింది. ఇది మాత్రం గొప్పకి చెప్పడం లేదు.

ఇప్పుడు ఆ లెక్చరరుగారు విస్తరి ముందు కూర్చుని మన వైపు గోల్ఫు ఏనాడూ లేదంటారు. లేకపోతే మరి నేను ఓడిపోయింది దేంట్లోనండీ?